అనుమతి లేకుండా వచ్చిన మార్పు

మా విశ్వవిద్యాలయ ఉపకులపతి గారు ఒక అంతర్జాతీయ సదస్సుకు వెళ్లి, జ్వరంతోపాటు ఒక ఆలోచన కూడా తగిలించుకుని తిరిగివచ్చారు. జ్వరం మాత్రలకు తగ్గింది.

ఆలోచన ఏమిటంటే, సమాజంలోని సమస్యలన్నిటికీ మూలం ఒకే సబ్జెక్టు చదివే పిల్లలు ఒకేచోట కూర్చోవడం. భౌతికశాస్త్రం కుర్రవాడి పక్కన మళ్లీ భౌతికశాస్త్రం కుర్రవాడే కూర్చుంటే ఇద్దరూ భౌతికశాస్త్రమే మాట్లాడుకుంటారు. దానివల్ల లోకానికి ఒరిగేదేమీ లేదు. అదే వాడి పక్కన వాణిజ్యశాస్త్రం అమ్మాయిని కూర్చోబెట్టి, ఇద్దరి మధ్యా ఒక కంప్యూటరు పెడితే, సానుకూల సామాజిక మార్పు దానంతటదే వస్తుంది. రెండో భాగం ఎంతవరకు నిజమో తర్వాత హాస్టల్ వార్డెన్లు చెప్పాల్సి వచ్చింది కానీ, ఆ రోజు పాలకమండలిలో మాత్రం అందరం చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండా 'సమ్మిశ్ర సాంకేతిక సామాజిక సానుకూల పరివర్తన కేంద్రం' ఏర్పడింది. పిల్లలు దాన్ని సాసాసా కేంద్రం అన్నారు. దానికి సంచాలకులుగా ఆచార్య విశ్వంభరం గారిని నియమించారు. ఆయన ఏ శాఖ నుంచి వచ్చారో ఎవరికీ గుర్తులేదు కనుక ఆ పదవికి అందరికంటే ఆయనే అర్హులు. సంఖ్యాశాస్త్రం చెప్పుకునే నన్ను సభ్య కార్యదర్శిగా వేశారు. ఎందుకు వేశారని నేను అడగలేదు. మా దగ్గర అలా అడిగే అలవాటు లేదు.

కేంద్రం జారీ చేసిన మొదటి ఉత్తర్వు ప్రకారం, ఒకే శాఖకు చెందిన ఇద్దరు విద్యార్థులు తరగతి గది వెలుపల కలిసి కనిపించకూడదు. క్యాంటీన్‌లో మిశ్రమ బృందాలకే టీ. ఒంటరిగా వచ్చినవాళ్లకు ఇవ్వొచ్చా అని క్యాంటీన్ నడిపే సుబ్బారాయుడు రాతపూర్వకంగా అడిగాడు. ఒంటరి విద్యార్థి తనలో తాను ఒకే విభాగం కనుక ఇవ్వరాదని విశ్వంభరం గారు వివరణ ఇచ్చారు.

ఇక ప్రతి విద్యార్థీ ఒక మిశ్రమ జట్టులో చేరి, సాంకేతికతతో సమాజానికి ఏదో ఒక మేలు చేసి చూపించాలి. జట్టులో ఎంత అరుదైన శాఖవాళ్లుంటే అంత ఎక్కువ మార్కులు. దాంతో నాగూర్‌బీ జాతకం మారిపోయింది.

నాగూర్‌బీ శాసనాల శాఖలో ఏకైక విద్యార్థిని. పాత రాళ్ల మీద రాతలు చదవడం ఆ అమ్మాయి చదువు. అంతకుముందు ఆ శాఖ ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్ కూడా తలగోక్కునేవాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలు సమోసాలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఆమె ఒక్కతి చేరితే చాలు, ఎంత చప్పటి జట్టయినా మిశ్రమమైపోతుంది. పాపం మొహమాటం మనిషి, ఎవరికీ కాదనలేక అన్ని జట్లలోనూ చేరింది. కుక్కలకు చిరునామాలిచ్చే జట్టులో ఉంది, నవ్వితే వెలిగే వీధిదీపం జట్టులో ఉంది. ఎక్కడా ఆమెను ఏ పనీ అడగలేదు. పేరుంటే చాలన్నారు.

జూన్ మొదట్లో ఒకరోజు నాగూర్‌బీ ఇద్దరిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఒకడు ఎలక్ట్రానిక్స్ చదివే యలమంద. రెండో ఆమె వ్యవసాయశాస్త్రం చదివే ప్రసూన.

"సార్, అందరి జట్లల్లో నా పేరుంది. నాకంటా ఒక జట్టు కావాల" అంది నాగూర్‌బీ.

"ఏం చేస్తారమ్మా?"

"మా అక్క కోసం సార్."

వాళ్లక్క కరీమూన్ ఎర్రవాగుపాలెం బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇల్లు వాగుకు ఇవతల, బడి అవతల. మధ్యలో చప్టా, అంటే వాగుకు అడ్డంగా వేసిన సిమెంటు దారి. దానికి పిట్టగోడలు లేవు. ఎర్రవాగుతో చిక్కేమిటంటే, వాన కొండల మీద పడుతుంది, ఇక్కడ మాత్రం ఎండ కాస్తూ ఉంటుంది. పొడిగా ఉన్న చప్టా మీద మనిషి నడుస్తుండగానే నీళ్లు వచ్చి మీద పడతాయి. కిందటేడు కరీమూన్ కూరగాయల సంచితో సగం దూరంలో ఉండగా అలాగే వచ్చాయి. అవతలి ఒడ్డున గేదెలు కాసేవాళ్లు జుట్టు పట్టుకుని లాగారు.

"జుట్టు పొడుగ్గా ఉండబట్టి బతికింది సార్. ఈ ఏడు జుట్టు కత్తిరించుకుంటానంటే అమ్మ ఒప్పుకోలా" అంది నాగూర్‌బీ. నవ్వబోయింది కానీ కుదరలేదు.

నేను అనుమతి ఇచ్చాను. నిజానికి ఇచ్చే అధికారం నాకు లేదు. 'పరిశీలించవచ్చు' అన్నాను. దాన్ని వాళ్లు అనుమతి అనుకున్నారు.

ముగ్గురూ కొండల దాకా వాగు వెంబడి నడిచారు. నీళ్లు ఏ మలుపు దగ్గర లేస్తే చప్టాకు ఎంతసేపట్లో వస్తాయో ప్రసూన ఊళ్లోవాళ్లను అడిగి తేల్చింది. ఆ మలుపులో ఒక గొట్టం పాతి, అందులో ఖాళీ నూనె డబ్బా వేశారు. నీళ్లు లేస్తే డబ్బా లేస్తుంది, డబ్బా లేస్తే మీట నొక్కుకుంటుంది, ఫోను సిమ్ముతో కబురు చప్టాకు అందుతుంది. చప్టా దగ్గర, బడి ఉన్న ఊరివైపు ఒడ్డున, స్తంభానికి ఒక పాత లారీ హారన్ బిగించారు. యలమంద మేనమామ మెకానిక్ షెడ్డులో దొరికిందది. కూస్తే పక్క ఊరి కోళ్లు కూడా లేచి తిరుగుతాయి.

వానలు మొదలయ్యాయి. హారన్ మోగినప్పుడల్లా జనం ఆగారు. నీళ్లు వచ్చి పోయాయి. జనం దాటారు. బడిపిల్లలైతే హారన్ వింటే చాలు, చేతిలో ఏదుంటే అది పడేసి ఒడ్డుకు పరుగెత్తడం నేర్చుకున్నారు. చాలా రోజులు ఏ గొడవా లేకుండా గడిచింది. తర్వాత సమీక్షా సమావేశం వచ్చింది.

శాఖాధిపతులందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాగూర్‌బీ లేచి సంగతంతా చెప్పి, ఫోనులో రికార్డు చేసుకొచ్చిన హారన్ మోత ఒకసారి వినిపించింది. ఇద్దరు ఆచార్యులకు నిద్రాభంగమైంది.

విశ్వంభరం గారు గొంతు సవరించుకున్నారు. "శ్రమ అభినందనీయం. అయితే ఇందులో మూడు శాఖల ఛాయలే గోచరిస్తున్నాయి. మిగిలిన శాఖల సమ్మిశ్రతా స్పర్శ ఏదీ?"

"సార్, వాగొస్తే ఆగమని చెప్పాల. అంతే గదా. అది హారన్ చెప్తది" అంది నాగూర్‌బీ.

"అది మరీ ఏకవిభాగ దృక్పథం" అన్నారు న్యాయశాస్త్ర అధిపతి. "హెచ్చరిక విన్నవారికీ, విననివారికీ వేర్వేరు బాధ్యతలుంటాయి. ముందు షరతులు చదివి వినిపించాలి."

మనస్తత్వశాస్త్రం వారు, హఠాత్తుగా పెద్ద శబ్దం చేస్తే పౌరుల సున్నిత మనోభావాలు దెబ్బతింటాయి కనుక, మొదట మెల్లగా వేణునాదం వినిపించి మనసులను సిద్ధం చేయాలన్నారు. తెలుగు శాఖవారు హెచ్చరిక పద్యరూపంలో ఉండాలని, సీసమైతే కింద ఎత్తుగీతి కూడా తప్పదని చెప్పారు. నిర్వహణశాస్త్రం వారు పద్యానికి ముందూ వెనకా వ్యాపార ప్రకటనలు కోరారు. తత్వశాస్త్ర అధిపతి మాత్రం చాలాసేపు కళ్లు మూసుకుని ఉండి, "ఆగమని ఆజ్ఞాపించడం వ్యక్తి స్వేచ్ఛకు విఘాతం. 'దాటుట అనగానేమి?' అని ప్రశ్నించి వదిలేస్తే చాలు" అన్నారు.

యలమంద కాగితం మీద ఏదో కూడుకున్నాడు. "సార్, ఇయన్నీ అయ్యేతలికి నీళ్లొచ్చి ఎల్లిపోతయి."

"అంటే హెచ్చరిక ముగిసేసరికి ప్రమాదం కూడా ముగిసిపోతుందన్నమాట" అని విశ్వంభరం గారు సంతోషంగా అందరివైపూ చూశారు. "ఇంతకంటే సానుకూలత ఏముంది? ఆమోదించాం."

పిల్లలు ముగ్గురూ బయటికి వచ్చారు. సమ్మిశ్ర హెచ్చరిక తయారుచేసే పని ఒక ఉపసంఘానికి అప్పగించారు. ఉపసంఘంలో తెలుగు శాఖవారికీ సంగీతం వారికీ రాగం దగ్గర తేడా వచ్చింది. ఈలోగా చప్టా దగ్గర పాత హారన్ తన పని తాను చేసుకుపోతూనే ఉంది. అదే పెద్ద ముప్పయింది.

రాజధాని నుంచి ఒక మూల్యాంకన నిపుణుడు వస్తున్నారని కబురందింది. ఆయన ఏ ప్రాజెక్టునైనా 'మార్పుకు ముందు', 'మార్పు తర్వాత' అని రెండుసార్లు చూసి, తేడాను కొలిచి, విశ్వవిద్యాలయానికి శ్రేణి ఇస్తారు. ఆ మాట వినగానే విశ్వంభరం గారు నన్ను పిలిపించారు. ముఖం పాలిపోయి ఉంది.

"చప్టా దగ్గర హారన్ ఇప్పటికే పనిచేస్తోందా?"

"చేస్తోంది సార్. ఎవరికీ ఏమీ కాలేదు."

"ఎంత పని చేశారయ్యా! నిపుణుడు వచ్చి 'ముందు' ఎలా ఉందో చూపించమంటే ఏం చూపిస్తాం? మార్పు అనుమతి లేకుండా ముందే వచ్చేసింది. తక్షణం వెనక్కి పంపించండి."

మార్పును వెనక్కి పంపడానికి మేమిద్దరం జీపులో ఎర్రవాగుపాలెం వెళ్లాం. హారన్ ఆగిపోయేలా స్తంభం మీద దాని మీట దించి, దానికి ఒక ఇనుపపెట్టె బిగించి తాళం వేయించారు. తాళంచెవి నాకిచ్చారు. తర్వాత సర్పంచ్ అంకమ్మరావును పిలిచి, గ్రామ ప్రజలు సహకరించాలని కోరారు.

"తప్పకుండా చేద్దాం. ఏం చెయ్యాలండీ?" అన్నాడు అంకమ్మరావు.

"ఏమీ చేయనక్కర్లేదు. నిపుణుల వారి సందర్శన పూర్తయ్యేవరకు మీరు పూర్వం ఎలా ఉండేవారో యథాతథంగా అలాగే ఉండండి."

"పూర్వం నీళ్లల్లో కొట్టుకుపొయ్యేవోళ్లమండీ."

"ఆ సహజత్వమే మాకు కావలసింది."

అంకమ్మరావు నావైపు చూశాడు. నేను తాళంచెవి వైపు చూసుకున్నాను. పక్కనే బడి అరుగు మీద బియ్యం చెరుగుతున్న కరీమూన్ చేట కింద పెట్టి లేచింది. "మరి నేను పొద్దన్నే ఎట్టా దాటాల సార్?" అంది.

"జాగ్రత్తగా" అన్నారు విశ్వంభరం గారు.

ఆ సాయంత్రం నాగూర్‌బీ నా గదికి వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు గూడా ఆడనే ఉన్నారంట గదా సార్" అని మాత్రం అని వెళ్లిపోయింది. కొండల దగ్గరి నూనె డబ్బా తీయమని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నాగూర్‌బీ సమావేశంలో చెప్పినా అదొకటి ఉందని కేంద్రంలో ఎవరికీ గుర్తులేదు. దాని కబురు హారన్‌తోపాటు తమ ముగ్గురి ఫోన్లకూ అందేలా యలమంద ఏర్పాటు చేశాడు. కబురొస్తే వాళ్లు కరీమూన్‌కు ఫోన్ చేసేవాళ్లు. ఫోను లేనివాళ్ల సంగతి, పొలంలో సిగ్నల్ అందనివాళ్ల సంగతి దేవుడే చూసుకోవాలి.

సందర్శన రోజు ఎండ ఫెళ్లున కాసింది. ఊరివైపు ఒడ్డున వేదిక, షామియానా, మైకు. ఇనుపపెట్టెకు పూలదండ. కార్యక్రమం ప్రకారం, ఉపకులపతి గారు నిపుణుడితో కలిసి అవతలి ఒడ్డున కారు దిగి చప్టా మీదుగా నడిచి రావాలి. ముందు బడిపిల్లలు పూలు జల్లుతూ నడవాలి. మధ్యలో గ్రామ మహిళలు ప్రమాదంలో ఉన్నట్టు నిలబడితే, వాళ్ల ఫొటో 'మార్పుకు ముందు' కింద తీస్తారు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, పెట్టె తాళం తీయడం, ఎట్టకేలకు రాగం కుదిరిన సమ్మిశ్ర హెచ్చరిక ఆవిష్కరణ.

మైకులో స్వాగత గీతం హోరెత్తుతోంది. ఫొటోగ్రాఫర్ చప్టా మధ్యలో కరీమూన్‌నూ మరికొందరు ఆడవాళ్లనూ వరసలో నిలబెట్టి, "కొంచెం భయంగా చూడండమ్మా" అంటున్నాడు.

"ఇంత ఎండ కొడతా ఉంటే భయం యాణ్ణించొచ్చిద్దయ్యా?" అంటోంది కరీమూన్.

అవతల కార్లు ఆగాయి. ఉపకులపతి గారు నిపుణుడితో దిగి చప్టా మీద నడక మొదలుపెట్టారు. పిల్లలు పూలబుట్టలతో చప్టా మీదికి వచ్చారు.

అప్పుడే వేదిక పక్కన నిలబడ్డ నాగూర్‌బీ చేతిలో ఫోను మోగింది. చూసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "సార్, పైన నీళ్లు లేసినయ్. తాళం తియ్యండి!"

నేను విశ్వంభరం గారి వైపు చూశాను.

"అసంభవం" అన్నారాయన. "ఉపకులపతి గారు వేదికను అలంకరించకముందే ఆవిష్కరణ ఎలా జరుగుతుంది?"

"అక్కా! పిల్లల్ని తీసకరా!" అని నాగూర్‌బీ ఒడ్డుకు పరుగెత్తి కేకవేసింది. స్వాగత గీతంలో ఆ కేక కలిసిపోయింది. యలమంద మైకు ఆపించడానికి వెళితే, కార్యక్రమంలో లేదని మైకువాడు వినలేదు. నాగూర్‌బీ వెనక్కి వచ్చింది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"డైరెక్టర్ సార్. ఇప్పుడు తాళం తియ్యకపోతే నేను అన్ని జట్లల్లోంచీ తప్పుకుంటన్నా. ఇప్పుడే. ఆ నిపుణుడి ముందరే చెప్తా."

వెనక వరసలో శాఖాధిపతులందరూ ఒక్కసారి కుర్చీల్లోంచి లేచారు. ఆ అమ్మాయి తప్పుకుంటే విశ్వవిద్యాలయంలో మిశ్రమ జట్లనేవి ఎన్ని మిగులుతాయో విశ్వంభరం గారు వేళ్ల మీద లెక్క వేసుకోసాగారు. లెక్కలు నా సబ్జెక్టు కనుక నాకు ముందే తెమిలింది. అదీగాక చప్టా మీద పిల్లల నెత్తిన పూలబుట్టలు కనిపిస్తున్నాయి. నేను ఎవరినీ అడగలేదు. పూలదండ తెంపి, తాళం తీసి, మీట ఎత్తాను.

హారన్ కూసింది.

చప్టా మీద పూలబుట్టలన్నీ ఒకేసారి కింద పడ్డాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు మావైపు పరుగు లంకించుకున్నారు. ఆడవాళ్లు చీరలు ఎగదోపుకున్నారు. నిపుణుడు చురుకైనవాడు, పిల్లల కంటే ముందే ఒడ్డెక్కాడు. ఉపకులపతి గారొక్కరే, అది తమ గౌరవార్థం మోగే వాద్యమనుకుని, చప్టా మధ్యలో ఆగి నలువైపులా చేయి ఊపుతున్నారు.

ఒక పిల్లను చంకనేసుకుని పరుగెత్తుతున్న కరీమూన్ వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ వెళ్లి ఆయన కండువా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"ఏందయ్యా చెయ్యూపుతా నిలబడ్డావ్? ఉరుకు!"

ఉపకులపతి గారిని ఏకవచనంలో పిలిచి చాలా ఏళ్లయి ఉంటుంది. ఆయన ఉరికారు. ఒక చెప్పు చప్టా మీదే ఉండిపోయింది. వాళ్లు ఒడ్డెక్కి ఊపిరి తీసుకుంటుండగా ఎర్రటి నీళ్లు దుంగలతో సహా వచ్చి, పూలనూ చెప్పునూ కలిపి తీసుకుపోయాయి. నాగూర్‌బీ అక్కను పట్టుకుని వదల్లేదు. "ఏడవమాకే, నీళ్లేం తగల్లా" అంటోంది కరీమూన్. అంటూనే చంకలోని పిల్లను ఇంకా దింపలేదు.

కార్లు అవతలి ఒడ్డున ఉండిపోయాయి. వాగు తీసేదాకా అందరం బడి వరండాలో కూర్చున్నాం. కరీమూన్ పిల్లలకు వండిన అన్నం, పప్పుచారు, గుడ్డు మాక్కూడా పెట్టింది. ఉపకులపతి గారు తింటూ నాగూర్‌బీని పిలిచారు.

"ఆ మోగినది ఏ విభాగం తయారుచేసిందమ్మా?"

"లారీది సార్" అంది నాగూర్‌బీ.

ఆయన ఇంకొంచెం పప్పుచారు పోయించుకున్నారు.

తర్వాత నెలలో మూల్యాంకన ఫలితం వచ్చింది. ఎర్రవాగుపాలెంలో 'ముందు' ఎవరూ కొట్టుకుపోలేదని, 'తర్వాత' కూడా ఎవరూ కొట్టుకుపోలేదని, రెంటికీ తేడా సున్నా కనుక సామాజిక మార్పు జరగలేదని నిపుణుడు తేల్చారు. వేణునాదం, షరతులు, పద్యం, ప్రకటనలు, తాత్విక ప్రశ్న అన్నీ కలిసిన సమ్మిశ్ర హెచ్చరికకు మాత్రం మొదటి బహుమతి ఇచ్చారు. దాన్ని మా ప్రధాన ద్వారం దగ్గర ప్రతిష్ఠించాం. అక్కడ వాగు లేదు కనుక నిరాటంకంగా పనిచేస్తోంది.

ఆ బహుమతి వచ్చిన రోజే విశ్వంభరం గారు నన్ను పిలిచారు. "ఆ చప్టా దగ్గరి హారన్ ఇంకా అక్కడే ఉందట. ఫలితం సున్నా వచ్చిన ప్రాజెక్టును కొనసాగనివ్వడం మనకు శోభ కాదు. తొలగించమని ఉత్తర్వు తయారుచేయండి."

"అలాగే సార్" అన్నాను. "కానీ అది మనది కాదు సార్."

"అదేమిటి? మన పిల్లలే కదా పెట్టారు?"

"మనం ఆమోదించింది సమ్మిశ్ర హెచ్చరికను. లారీ హారన్‌ను ఎప్పుడూ ఆమోదించలేదు. మన దృష్టిలో అక్కడ హారన్ అనేది లేదు సార్. లేని దాన్ని తొలగించమని ఉత్తర్వు వేస్తే, ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. ఉద్యోగంలో చేరాక నేను ఆయన ముందు అంత ధైర్యంగా నిలబడటం అదే మొదటిసారి.

"నిజమే" అన్నారు చివరికి. "లేని దాని గురించి ఇంకెప్పుడూ నా దగ్గర ప్రస్తావించకండి."

నేను ప్రస్తావించలేదు. వానలున్నన్నాళ్లూ ఎర్రవాగు దగ్గర అది మోగుతూనే ఉంది. మోగినప్పుడు కరీమూన్ కూరగాయల సంచి దింపుకుని ఒడ్డున చతికిలబడుతుంది. నీళ్లు పోయాక లేచి, చీరకు అంటిన మట్టి దులుపుకుని, బడికి వెళ్లి పొయ్యి వెలిగిస్తుంది.